పాఠం చెప్పని పూట

ప్రశ్న: నేను కాకినాడలో ఇంటి దగ్గర గాత్రం నేర్పుతాను. వయసు నలభై తొమ్మిది. పెళ్ళికి ముందు కచేరీలు చేశాను, ఆ తర్వాత పాఠాలే. మా ఊళ్ళో సంగీతం చెప్పేవాళ్ళం ఆరుగురం నెలకోసారి కలిసి, డబ్బుతో, సభలతో పనిలేకుండా, మా సరదా కోసం పాడుకుందాం, వాయించుకుందాం అనుకున్నాం. నేనూ ఇంకో మాస్టారూ గాత్రం. ఒకావిడ వీణ, ఒకాయన వయొలిన్, ఒకాయన మృదంగం, ఒక కుర్రవాడు కీబోర్డు. మొదటిసారి కలిసినప్పుడే చికాకు వచ్చింది. నా శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే షడ్జం ఎత్తు, ఐదున్నర. మాస్టారిది ఒకటి, నాకన్నా బాగా కింద. ఇద్దరం కలిసి పాడలేకపోయాం. త్యాగరాజస్వామి ‘నగుమోము’ ఎత్తుకుంటే ధైవతం, అంటే ‘ద’ స్వరం, దగ్గర మాటా మాటా వచ్చింది. వాళ్ళ గురువుగారు శుద్ధ ధైవతంతో చెప్పారట, నేను నేర్చుకున్నది దానికన్నా కాస్త పైన పలికే చతుశ్రుతి ధైవతం. వయొలిన్ మాస్టారు ‘ఇక్కడా నేను పక్కవాద్యమేనా’ అని నొచ్చుకున్నారు. నా గొంతు ఇదివరకటిలా లేదు. పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు వింటే చులకనవుతానేమోనని భయం. ఎవరి పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్ళిపోతారోనన్న అనుమానాలు కూడా లోపల ఉన్నాయి. మావారు ‘రూపాయి రాని పనికి ఈ గొడవంతా ఎందుకు’ అంటున్నారు. మానేద్దామా?

సమాధానం:

అమ్మా,

మానకండి. మీ ఉత్తరం చదివితే మీ ఆరుగురిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉన్నట్టు నాకు కనిపించలేదు. ఆ రోజు ఆరుగురూ టీచర్లుగానే వచ్చి కూర్చున్నారు, అంతే. తప్పు వినిపించగానే చెవి నిక్కబొడుచుకోవడం, పాట మధ్యలో చెయ్యెత్తి ఆపడం మన వృత్తిలో అబ్బే అలవాట్లు. ఒక గదిలో ఆరుగురు అలాంటివాళ్ళు కూర్చుంటే పల్లవి దాటడం కష్టమే.

మీకు ఈ కలయిక ఎందుకు కావాలో ముందు చెబుతాను. మిగతా సంగతులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

సంగీతం చెప్పేవాళ్ళు రోజంతా పాడుతూనే ఉంటారని లోకం అనుకుంటుంది. నిజానికి మనం పాడేది ముక్కలు. సరళీ స్వరం రెండో వరుస, మాయామాళవగౌళలో జంట స్వరాలు, ఒక గీతంలో సగం, ఒక కృతి అనుపల్లవిలో మూడో సంగతి (అదే పాదాన్ని ఇంకోలా మలిచి పాడే తీరు), మళ్ళీ అదే సంగతి, ఇంకోసారి అదే సంగతి. గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరుని, విరిచి, నిదానించి, పిల్లకి అందేలా స్వరం స్వరం విడదీసి చూపిస్తాం. అదీ పిల్ల శ్రుతిలో. చిన్నపిల్లల గుంపుకి ఆరు శ్రుతి, కొంచెం పెద్దవాళ్ళకి ఐదున్నర, గొంతు మారుతున్న మగపిల్లవాడికి ఇంకేదో. సాయంత్రం అయ్యేసరికి నోరు నొప్పెడుతుంది గాని పల్లవి నుంచి చివరి చరణం దాకా ఒక్క పాట నిండుగా పాడి ఉండం. ఇప్పుడు ఆన్‌లైన్ పాఠాలు వచ్చాక ఉన్న ఆ కాస్త తోడు కూడా పోయింది. అమెరికాలో ఉన్న పిల్లతో ఇక్కణ్ణుంచి గొంతు కలపలేం. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, తాళం తప్పుతుంది. అందుకని మనం పాడి ఆగుతాం, అటు పిల్ల పాడుతుంది, మనం వింటాం. ఇలా ఏళ్ళు గడిస్తే మన పాట మనకే దూరమవుతుంది. మీ గొంతు ఇదివరకటిలా లేదన్నారు. అందులో వయసు పాలు కొంత ఉండవచ్చు. కానీ నిండు పాట పాడే అవకాశమే లేకపోవడం అంతకన్నా పెద్ద కారణమని నా నమ్మకం.

కాబట్టి మీ కలయికకి నేను చెప్పే మొదటి కట్టుబాటు: ఆ పూట ఎవరూ ఎవరినీ దిద్దకూడదు. ఎత్తుకున్న పాట ముగిసేదాకా ఆపకూడదు. సాహిత్యం మరిచిపోతే పక్కవాళ్ళు అందించాలి, స్వరం తప్పితే వదిలెయ్యాలి. పాటయ్యాక కూడా ‘అక్కడ మీరు...’ అని మొదలుపెట్టకూడదు. అడిగితే తప్ప అభిప్రాయం వద్దు. ఇది మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా మీ ఇద్దరు గాత్రం వాళ్ళకి. కానీ ఈ ఒక్కటీ నిలబడితే తక్కినవి సర్దుకుంటాయి.

ఇక ధైవతం సంగతి. మీరిద్దరూ సరైనవాళ్ళే. ఆభేరి రాగంలోని ‘నగుమోము గనలేని’ పూర్వం శుద్ధ ధైవతంతో పాడేవారు. ఇప్పుడు ఎక్కువమంది నోట చతుశ్రుతి ధైవతమే వినిపిస్తోంది. దీక్షితుల వారి ఆభేరి కూడా శుద్ధ ధైవతంతోనే నడుస్తుంది. ఆ మాస్టారి గురువుగారు పాత పద్ధతిని కాపాడుకున్నారు, మీ గురువుగారు చలామణిలో ఉన్నది నేర్పారు. రెంటికీ అందం ఉంది. ఒకటి ఒప్పు కావాలంటే రెండోది తప్పు కావాలన్న పట్టుదల పాఠం చెప్పే గదిలో కొంత అవసరం, ఎందుకంటే పిల్లకి ఒక దారి కుదరాలి. మీ ఆరుగురి గదిలో దానితో పనిలేదు.

త్యాగరాజస్వామి పాటల్లో పాఠాంతరాలు నిన్నా మొన్నా పుట్టినవి కావు. ఆయన శిష్యుల నుంచే వాలాజాపేట, ఉమయాల్పురం, తిల్లైస్థానం పరంపరలు వేరువేరుగా సాగాయి. మన తీరాంధ్రకి ఇంకో పాయ వచ్చింది. స్వామి శిష్యులు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు, వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి దగ్గర బాలమురళీకృష్ణగారు, వయొలిన్‌లో అన్నవరపు రామస్వామిగారు. స్వామి ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్ళే ఒక్కో పాటని ఒక్కోలా అందించారంటే, ఆ పాట అన్ని రూపాలకీ చోటిచ్చిందని అర్థం చేసుకోవాలి. వేరే పరంపర పాఠం వినడం నాకైతే ఎప్పుడూ పండగే. నేను ఏళ్ళ తరబడి వాయించిన కృతిలో ఎవరైనా నాకు తెలియని సంగతి వేస్తే, ఆ రోజంతా అది చెవిలో తిరుగుతూనే ఉంటుంది.

ఇలాంటి పట్టుదలల వల్ల స్వామి సమాధి ఉన్న తిరువైయారులోనే ఎన్ని చీలికలు వచ్చాయో మీకు తెలిసే ఉంటుంది. 1847లో స్వామి సిద్ధి పొందారు. తర్వాత ఆరాధనోత్సవాలు జరిపే విద్వాంసులు పెద్ద కచ్చి, చిన్న కచ్చి అని రెండు వర్గాలయ్యారు. ఎవరి ఉత్సవం వారిదే. రెంటిలోనూ ఆడవాళ్ళకి పాడే హక్కు లేదు. సమాధి పాడుబడి ఉందని తెలిసి, తన సొంత సొమ్ముతో 1920లలో గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారికి కూడా ఆ వేదిక మీద చోటు లేదు. ఆవిడ ఆడవాళ్ళతో మూడో వర్గం కట్టి, వేరుగా ఆరాధన జరిపించారు. ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనం’ని 1910లో అచ్చువేయించి ఎన్నో తిట్లు తిన్న మనిషికి ఇది ఒక లెక్కలోది కాదు. 1940 ప్రాంతంలో అందరూ ఒక్కటయ్యారు. ఆ తర్వాతే ఘనరాగ పంచరత్నాలని, అంటే స్వామివారి ఐదు పెద్ద కృతులని, అందరూ కూర్చుని కలిసి పాడే పద్ధతి స్థిరపడింది. ఈనాడు పుష్య బహుళ పంచమినాడు, స్వామి ఆరాధన రోజున, పెద్ద విద్వాంసుడూ, మొన్ననే వర్ణం మొదలుపెట్టిన పిల్లవాడూ ఒకే వరుసలో కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ పాడుతున్నారంటే, వాళ్ళు తమ ఇంటి సంగతులని కాసేపు పక్కన పెట్టి, అందరికీ కుదిరిన పాఠాన్ని పట్టుకున్నారు. ఆరభి కృతి పల్లవి ‘సాధించెనే’ అనాలా ‘సాధించనే’ అనాలా అన్న తర్జనభర్జన ఈనాటికీ ఉంది. అయినా ఆ గోష్ఠి ఏ ఏడూ ఆ మాట దగ్గర ఆగిపోలేదు.

మీరు చేయవలసింది ఇంకా తేలిక. పాట ఎవరు తెస్తే వారి పాఠం. ఈ నెల మాస్టారు ‘నగుమోము’ తెస్తే శుద్ధ ధైవతంతోనే అందరూ వారి వెనక నడవండి. వచ్చే నెల మీరు తెస్తే మీది. వారం ముందు పాట పాడి ఫోన్లో రికార్డు చేసి పంపుకోండి, అందరూ వినుకుని వస్తారు. ఇంకో నెల, సరదా కోసం, ఒక పల్లవి తీసుకుని మీ సంగతి ఒకటి, ఆయన సంగతి ఒకటి వంతులవారీగా పాడి చూడండి. పోటీగా కాకుండా, ‘మా ఇంట్లో ఇలా’ అని చూపించుకున్నట్టు.

ఇప్పుడు శ్రుతి. మీ మొదటి సమావేశం చెడడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. శ్రుతి కుదరక గొంతు ఇబ్బంది పడితే మనసు కూడా చిరాకు పడుతుంది, ఆ చిరాకు ధైవతం మీద బయటికొస్తుంది.

మీరు ఐదున్నర, ఆయన ఒకటి. మీ శ్రుతిలో పాడితే ఆయనకి మధ్యస్థాయి షడ్జమే మీదికి పోతుంది, తారస్థాయి అందదు. ఆయన శ్రుతిలో పాడితే మీరు పైన అరవాలి, లేదా కింద గొణగాలి. దీనికి మన పెద్దవాళ్ళు ఎప్పుడో దారి చూపించారు, అది మధ్యమశ్రుతి, అంటే మన శ్రుతిలోని ‘మ’నే ‘స’గా పెట్టుకుని పాడటం. మీరు ముందు ఐదున్నర నుంచి ఐదుకి దిగండి. ఈ వయసులో సగం శ్రుతి దిగడం చిన్నతనం కాదు. గొంతుకి హాయి, మంద్రం నిండుగా పలుకుతుంది. పాఠాల్లో పిల్లల కోసం ఐదున్నర పెట్టుకున్నా, మీ పాట కోసం ఐదే ఉంచుకోండి. ఐదు శ్రుతిలో మీ మధ్యమం ఎక్కడుంది? సరిగ్గా మాస్టారి ఒకటి శ్రుతి షడ్జం దగ్గర. అంటే మీరు మధ్యమశ్రుతి పెట్టుకుంటే మీ ఇద్దరి ఆధార షడ్జం ఒకటే అవుతుంది. ఆయన తన మామూలు శ్రుతిలో కింద, మీరు ఒక స్థాయి పైన.

దీనికి ఒక హద్దుంది. మధ్యమశ్రుతిలో మీకు తారస్థాయి షడ్జం దాటి ఎక్కువ పైకి పోవడం కుదరదు. కాబట్టి అక్కడిదాకా పోని రాగాలు ఎంచుకోవాలి. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి, నవరోజు ఇలాంటివే. ఇవి చిన్న రాగాలు అని కచేరీ చేసేవాళ్ళు చివర్లో అయిదు నిమిషాలు కేటాయిస్తారు గాని, కలిసి పాడుకోవడానికి ఇంతకన్నా గొప్ప సొత్తు మనకి లేదు. స్వామివారి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ‘గంధము పుయ్యరుగా’ పున్నాగవరాళి, ‘సీతాకల్యాణ వైభోగమే’ కురంజి. రామదాసుగారి ‘ఏతీరుగ నను దయజూచెదవో’ నాదనామక్రియ. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకి ఇవి నోటికి రాకుండా ఉండవు. మీ అమ్మగారో అమ్మమ్మగారో వంటింట్లో పాడినవే. వీటిలో పాఠాంతరాల గొడవ కూడా తక్కువ.

వాద్యాల సంగతి ఇంకా బాగుంది. ఐదు శ్రుతికి కట్టిన మృదంగం ధ్వని ఒకటి శ్రుతికి పంచమం అవుతుంది. అందువల్ల మృదంగం మాస్టారు రెండు మృదంగాలు మోసుకురానక్కర్లేదు, మీ ఐదుకి తెచ్చినదే రెంటికీ సరిపోతుంది. శ్రుతిపెట్టె కూడా అంతే. ఐదు శ్రుతి మధ్యమం అన్నా, ఒకటి శ్రుతి పంచమం అన్నా పలికేవి అవే రెండు స్వరాలు. వయొలిన్ మాస్టారు వేళ్ళు మార్చుకుంటారు, ఆయనకిది చెప్పనక్కర్లేదు. వీణకే కొంచెం ఇబ్బంది. సామాన్యంగా వీణ రెండున్నర, మూడు శ్రుతుల్లో ఉంటుంది. ఒకటికి దించితే తీగలు వదులై నాదం చెడుతుంది. రెండుకి దించి మధ్యమశ్రుతి చేసుకుంటే మాత్రం మీ ఐదు దొరుకుతుంది. మీరు ఐదులో పాడే పాటలకి ఆవిడ అలా వాయిస్తారు. ఒకటి శ్రుతి పాటలకి వీణ పక్కన పెట్టి గొంతు కలుపుతారు. వీణ టీచర్లందరూ పాడతారు, వాళ్ళని పాడమని అడిగేవాళ్ళే ఉండరు.

ఈ లెక్క ప్రకారం ఒక పూటని రెండుగా చేసుకోండి. మొదటి సగం ఐదులో, మీరు, వీణ, వయొలిన్. రెండో సగం ఒకటిలో, మాస్టారు, మీరు, అందరూ. మధ్యలో కాఫీ.

మొదలుపెట్టడం ఎప్పుడూ వర్ణంతోనే చెయ్యండి. కృతిలో ఉన్నన్ని తేడాలు వర్ణంలో ఉండవు. ఆరుగురికీ కంఠతా వచ్చినది, ఎన్నేళ్ళుగానో చెబుతున్నది ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. భైరవి అట తాళ వర్ణం ‘విరిబోణి’ తీసుకున్నారనుకోండి. పచ్చిమిరియం ఆదియప్పయ్యగారి ఆ వర్ణంలో భైరవి అంతా ఉంది. పధ్నాలుగు అక్షరాల తాళం వేస్తూ ఆరుగురూ మొదటి కాలం, రెండో కాలం నడిపిస్తే ఇరవై నిమిషాల్లో గది మారిపోతుంది. అప్పటికి ఎవరి గొంతు ఎలా ఉందో, ఎవరు ఎవరికన్నా ముందు పరిగెత్తుతున్నారో అందరికీ తెలిసిపోయి ఉంటుంది, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

వయొలిన్ మాస్టారి మాట నన్ను బాధపెట్టింది. ఆయన అడిగింది న్యాయం. ఏళ్ళ తరబడి ఎవరో ఎంచిన పాటకి, ఎవరో పెట్టిన శ్రుతిలో, ఎవరో వదిలిన చోట వాయించే మనిషి సరదా కోసం వచ్చిన చోట కూడా అదే పని చెయ్యాలంటే ఎందుకు వస్తాడు? కచేరీలో గాయకుడు మధ్యలో కూర్చుంటాడు. మీరు కచేరీ చెయ్యడం లేదు గదా, గుండ్రంగా కూర్చోండి. ప్రతి నెలా ఒకరు పెద్ద. ఆ పూట పాటలు ఎంచడం, ముందు ఎత్తుకోవడం, ఎక్కడ ఎవరు వాయించాలో చెప్పడం వారి పని. వయొలిన్ మాస్టారి నెల వచ్చినప్పుడు ఆయన రాగం వాయిస్తారు, మీరు తంబూరా దగ్గర కూర్చుని వింటారు. 1966లో లాల్గుడి జయరామన్‌గారు ఎన్.రమణిగారి వేణువు, త్రివేండ్రం ఆర్.వెంకటరామన్‌గారి వీణలతో కలిసి వయొలిన్, వేణువు, వీణ కచేరీలు మొదలుపెట్టారు. ఆ మూడూ ఒకే పాటని తలా ఒక రంగులో చూపించాయి. మీ దగ్గర వీణ, వయొలిన్ రెండూ ఉన్నాయి. ఒక పాట వాళ్ళిద్దరికే వదిలి, మీరు గాత్రం వాళ్ళు నోరు మూసుకుని తాళం వేసి చూడండి. పక్కవాద్యం వాళ్ళు ఇన్నాళ్ళు ఏం వింటూ వచ్చారో మీకూ కాస్త అనుభవమవుతుంది.

మృదంగం మాస్టారి నెలలో ఆయన చేత ఒక ముక్తాయింపు, అంటే ముగింపుకి వాయించే జతుల వరస, నోటితో చెప్పించుకోండి. తకధిమి తకజను అని అందరూ కలిసి చేతులు వేస్తూ పలకండి. గాత్రం టీచర్లలో చాలామందికి ఆది తాళం దాటితే లెక్క కొంచెం బెదురు ఉంటుంది, ఒప్పుకోరు గాని. ఇక్కడ సిగ్గు లేకుండా నేర్చుకోవచ్చు, ఎందుకంటే ఇది పాఠం కాదు, ఆయన వంతు పాట.

ఇక ఆ కీబోర్డు కుర్రవాడు. అతన్ని గురించి ఉత్తరంలో మీరొక్క ముక్కే రాశారు. అతని గురించి ఎవరూ పట్టించుకోలేదనిపించింది. కీబోర్డు మీద తోడి గాంధారం, భైరవి నిషాదం పలకవన్నది నిజమే, ఆ రాగాలు అతని మీద పెట్టకండి. కానీ దీక్షితుల వారి నొట్టుస్వరాలు ఉన్నాయి గదా. ఇంగ్లీషు బ్యాండు వరసలకి ఆయన సంస్కృతంలో కట్టినవి, శంకరాభరణ స్వరాల్లో, గమకాలతో పెద్దగా పనిలేకుండా నడిచేవి. ‘శక్తిసహిత గణపతిం’ మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. అది కీబోర్డు మీద ముందు అతను వాయించి, వయొలిన్ పైన అందుకుని, వీణ కింద నడిచి, మీరంతా పాడితే ఎంత నిండుగా ఉంటుందో ఒకసారి చూడండి. ఆ పూటకి అతనే పెద్ద. అతను మీకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడై ఉంటాడు. రేపు మీ ఊళ్ళో సంగీతం చెప్పేది అతనే.

పిల్లలు వింటే చులకనవుతామన్న భయం గురించి. మొదటి ఆరు నెలలు ఎవరినీ పిలవకండి. ఫోన్లో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం అసలు వద్దు, కుటుంబ సభ్యులకి కూడా పంపకండి. కెమెరా ఉందని తెలిస్తే గొంతు బిగుసుకుంటుంది, మళ్ళీ మనం పరీక్ష ఇచ్చే పిల్లలమైపోతాం. ఆరు నెలలు గడిచి, పాట కుదిరి, మీకే నలుగురూ వింటే బాగుండుననిపించిన రోజు, మీ ఆరుగురి పెద్ద శిష్యుల్ని పిలిచి గోడవార కూర్చోబెట్టండి. వాళ్ళు ఇన్నేళ్ళూ మీ నోట ముక్కలే విన్నారు. మీ పాట వినలేదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. పాఠం చెప్పే మనిషే వేదికెక్కి వాయించే మనిషి కూడా. అక్కడి పిల్లలు గురువు పాఠమూ విన్నారు, పాటా విన్నారు. తప్పు జరిగితే? జరుగుతుంది. గురువుగారు సాహిత్యం మరిచిపోయి పక్కావిడ అందుకుంటే నవ్వుకుని పాట సాగించడం చూసిన పిల్ల, రేపు వేదిక మీద తను తడబడితే ఏడవదు. మర్యాద పోవడం మాట అటుంచి, మీ మీద వాళ్ళకి ఇంకో రకం ప్రేమ పుడుతుంది. నేను నా విద్యార్థుల్లో చూసిన సంగతి ఇది.

పిల్లలు ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి పోవడం గురించి లోపల అనుమానాలున్నాయన్నారు. అవి లోపలే ఉంచుకోకండి, పైకి చెప్పుకోండి. రెండు మాటలు అనుకుంటే చాలు. ఒకటి, ఆ పూట చేరికలు, ఫీజులు, ఎవరి దగ్గర ఎంతమంది అన్న ప్రసక్తి రాకూడదు. రెండు, మీలో ఎవరి శిష్యులైనా ఇంకొకరి దగ్గరికి నేర్చుకోవడానికి వస్తే, చేర్చుకునే ముందు మొదటివారికి ఫోన్ చెయ్యాలి. ‘మీ అమ్మాయి వచ్చింది, మీకు సమ్మతమేనా’ అని అడిగితే ఎవరికీ మనసు విరగదు. తెలియకుండా జరిగినప్పుడే పుండవుతుంది.

రోజు ఆదివారం పెట్టుకోకండి. శని, ఆదివారాలు మనకి పాఠాల రద్దీ. అలిసిపోయి వస్తారు, గడియారం చూస్తూ పాడతారు. బడి ఉన్న రోజు, మంగళవారమో బుధవారమో, పొద్దున్న పది నుంచి పన్నెండున్నర. అమెరికా పిల్లల పాఠాలు అప్పటికి అయిపోతాయి, ఇక్కడి పిల్లలు సాయంత్రం గాని రారు. ఒక్కో నెల ఒక్కో ఇంట్లో. తిండి దగ్గర పోటీ రానీయకండి. కాఫీ, ఒక ఫలహారం, అంతే అని ముందే అనుకోండి. లేకపోతే ఇంటావిడ వంటింట్లోనే ఉండిపోతుంది, పాట ఎగ్గొట్టేస్తుంది. మన ఇళ్ళలో ఇలాంటివి ఆగిపోయేది తరచుగా ఇక్కడే.

సభలో పెట్టమని ఎవరైనా అడిగితే తొందరపడకండి. మీ ఊళ్ళో సరస్వతీ గానసభ లాంటి పేరున్న సభ ఉంది, అక్కడికి ఎంత పెద్ద విద్వాంసులు వచ్చి పాడారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వేదిక పేరెత్తగానే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క మొదలవుతుంది. మొదటి ఏడాది త్యాగరాజ ఆరాధన గోష్ఠిలో ఆరుగురూ ఒక వరుసలో కూర్చుని పంచరత్నాలు పాడండి. అందరితో పాటు పాడటం గనక ఎవరూ మిమ్మల్ని విడిగా తూకం వెయ్యరు, మీకు మాత్రం పక్కన ఎవరున్నారో తెలుస్తూ ఉంటుంది. ఆ పైన మీ ఇష్టం.

మీవారి మాట. ఆయన తప్పుగా అనలేదు, మీరు చికాకుతో ఇంటికొచ్చారు గనక అన్నారు. వాదించకండి. రెండు నెలల తర్వాత మీ ఇంటి వంతు వచ్చినప్పుడు ఆయన్ని కూర్చుని వినమనండి. పెళ్ళైన కొత్తలో మీ పాట విన్న మనిషి గదా.

ఇంక ఆలస్యం చెయ్యకుండా ఈ వారమే ముందు వయొలిన్ మాస్టారికి ఫోన్ చేసి, వచ్చే నెలకి మీరే పెద్ద అని చెప్పండి. తర్వాత గాత్రం మాస్టారికి, శుద్ధ ధైవతంతో ‘నగుమోము’ పాడి పంపమని అడగండి. చివరగా మృదంగం మాస్టారికి, ఐదు శ్రుతి మృదంగం ఒక్కటి తెస్తే చాలునని, రెంటికీ అదే సరిపోతుందని.